చెరిపిన చోటు

మాస్టారు పోయిన ఐదో నెలలో ఆయన దగ్గు ప్రూఫమ్మకు పట్టుకుంది.

జబ్బు దగ్గు కాదు. కొత్త మాట రాయబోయే ముందు మాస్టారు రెండుసార్లు పొడిగా, ఒకసారి సాగదీసి గొంతు సవరించుకునేవారు. పక్క గదిలో కాగితాలు మడతపెట్టేవాళ్లకు కూడా, ఇంకో మాటకు మూడిందన్నమాట, అని తెలిసిపోయేది. ఒకరోజు ఉదయం ప్రూఫమ్మ కుర్చీలో సర్దుకుని కార్డు ముందుకు లాక్కోగానే ఆ దగ్గు వినపడింది. ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. దగ్గింది తనే.

ఆ అచ్చాఫీసులో పదకొండేళ్లుగా బడిపిల్లల కోసం ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారవుతోంది. మాటకు ఒక కార్డు. పైన ఇంగ్లీషు మాట, దాని కింద తెలుగు అర్థం, దాని కింద ఆ మాటను ఎలా వాడాలో చూపించే ఒక ఇంగ్లీషు వాక్యం, దానికి తెలుగు. కింద కుడి మూలన రాసినవాళ్ల గుర్తు, తప్పు దొర్లితే ఎవరి చెవి మెలిపెట్టాలో తెలియడానికి. మాస్టారి గుర్తు ఎర్ర చుక్క. ప్రూఫమ్మది కొక్కెం లాంటి ఒక నల్ల గీత.

వాక్యాల విషయంలో మాస్టారిది ఒకటే పట్టు. చూసిందే రాయాలి, విన్నదే రాయాలి. "పుస్తకంలోంచి ఎత్తి రాసిన వాక్యం చచ్చిన చేపమ్మా, వాసనొస్తుంది" అనేవారు. ఆయన ఆఖరున రాసిన కార్డు ఎల్ అక్షరంలో నిచ్చెన. దాని కింది వాక్యం: 'ఈ నిచ్చెనకు మూడో మెట్టు లేదు.' నిజంగానే లేదు. గోడకు ఆనించి ఉన్న ఆ నిచ్చెన మీద నుంచి యజమాని రెండుసార్లు పడ్డాడు కూడా.

మిగిలిన అక్షరాలు రాయడం ప్రూఫమ్మ మీద పడింది. ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నా ఆవిడ బడి మొహం చూసిన మనిషి కాదు. కొట్టువాడు పప్పులు చుట్టిచ్చిన కాగితాలు విప్పి, ఆరబెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువు నేర్చుకుంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఈ బల్ల దగ్గరే, మాస్టారి కార్డుల మీద పల్చటి కాగితం వేసి దిద్దుకుని నేర్చుకుంది. అందుకే ఇద్దరి రాత పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో, అచ్చుకు అక్షరాలు కూర్చి కంపోజు చేసేవాళ్లు కూడా తేల్చుకోలేరు.

"అతుకు కనపడకూడదు ప్రూఫమ్మా," అన్నాడు యజమాని. "ఎల్ దాకా ఒకరు, ఎమ్ నుంచి ఇంకొకరు అని పిల్లలకు తెలియకూడదు. మాస్టారు ఎల్ దగ్గర పోయారు, ఇది ఇలాగే సాగితే నేను ఎస్ దగ్గర పోతాను. కాస్త తొందర చూడండి."

అతుకు కనపడకుండా రాయడం కోసం ఆవిడ మాస్టారి కార్డులన్నీ మొదటి నుంచి చదివింది. చదవడం కాదు, వాటిలో కాపురం పెట్టింది. అప్పుడే గమనించింది, ఆ వాక్యాల్లో ఒక కూతురు తిరుగుతోందని. గుండీ అన్న మాట కింద: 'నా కూతురు గుండీలు కిందినుంచి పైకి పెట్టుకుంటుంది.' తలుపు కింద: 'నా కూతురు తలుపు వేసిన చప్పుడు నాకు వినపడలేదు.' కూనిరాగం కింద: 'నా కూతురు లెక్కలు చేస్తూ కూనిరాగం తీసేది.' పదకొండేళ్లు పక్క కుర్చీలో కూర్చుంది, ఆయనకొక కూతురుందన్న సంగతి ఒక్కరోజు కూడా ఆయన నోట వినలేదు. అడిగి ఉండాల్సింది. ఎందుకడగలేదో ఇప్పుడు తనకే తెలియదు.

ఐ అక్షరంలో ఒకే ఒక్క కార్డు అసంపూర్తిగా ఉంది. ఇమిటేట్. మాట ఉంది. అర్థం ఉంది: 'అనుకరించు; ఒకరు చేసినట్టే చేయు.' వాక్యం లేదు. పక్కన పెన్సిలుతో 'తర్వాత' అని ఉంది. ఆ తర్వాత ఎన్నో మాటలు రాశారు కానీ దీని దగ్గరకు తిరిగి రాలేదు.

ఆ మాట మీద ఒకసారి ఆయనే చెప్పారు. "ఇమిటేట్ చేయడం రెండు రకాలమ్మా. ఇష్టంకొద్దీ చేస్తారు, వెక్కిరించడానికీ చేస్తారు. మాట చూస్తే ఏదో తెలియదు. వాక్యమే చెప్పాలి." చెప్పి, కళ్లజోడు మణికట్టుతో పైకి నెట్టుకుని కిటికీలోంచి చాలాసేపు చూశారు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఆవిడ 'తర్వాత' అన్న మాటను రబ్బరుతో తుడిచి, ఆ కార్డు పూర్తిచేసింది. 'నా కూతురు నన్ను అనుకరించేది. నేనంటే దానికి అంత ఇష్టం.' ఎక్కడినుంచి వచ్చిందో ఆ వాక్యం, ఎవరో చెవిలో చెప్పినట్టు వచ్చి కూర్చుంది. వాక్యం రాసిన చోట సిరా కొంచెం పాకింది. కార్డుకు చెమ్మ తగిలిందేమో అనుకుంది. రాశాక చూసుకుంటే మూలన ఎర్ర చుక్క ఉంది. ఎర్ర కలం ఎప్పుడందుకుందో, చుక్క ఎప్పుడు పెట్టిందో గుర్తులేదు. మిగతా కార్డులన్నిటి మీదా తన కొక్కెమే వేసింది. దీని ఒక్కదాని మీద చేయి తనకు తెలియకుండా ఆయన గుర్తు వేసేసింది. కొట్టేద్దామనుకుంది. అందంగా ఉన్న కార్డు పాడవుతుందని ఊరుకుంది.

ఆ ఊరుకోవడమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ఒకరోజు మూడు గంటలప్పుడు యజమాని ఒకావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి, చేతిలో మడత గొడుగు. గుమ్మంలో ఆగి, జారుతున్న కళ్లజోడును మణికట్టుతో పైకి నెట్టుకుంది. ప్రూఫమ్మ తాగబోతున్న టీ గ్లాసు గాల్లోనే ఆపింది.

"మాస్టారి అమ్మాయిగారు," అన్నాడు యజమాని. "కార్డులు చూస్తారట."

"కబురు నాకు ఆలస్యంగా అందిందండీ," అందామె, కూర్చోకుండానే. "వచ్చేసరికి ఇంట్లో వేరేవాళ్లున్నారు. నాన్న ఇక్కడ నిఘంటువు రాసేవాడని, మాటకో కార్డు, కార్డుకో వాక్యం అని వాళ్లే చెప్పారు. అన్నీ అక్కర్లేదు. ఒక్క కార్డు చూస్తే చాలు."

"ఏ మాటమ్మా?"

"ఇమిటేట్."

ప్రూఫమ్మ చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆమె వైపు కళ్లప్పగించి చూసింది.

ఆ చూపును ఆమె అనుమానం అనుకుందేమో, ఎవరూ అడక్కుండానే చెప్పుకొచ్చింది. "చిన్నప్పుడు నేను నాన్నలా నడిచేదాన్నండీ. ఆయన దగ్గు, ఆయన కళ్లజోడు, ఆయన విసుగు, అన్నీ. అమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. నాన్న కూడా నవ్వేవాడు, 'ఇంట్లో ఇద్దరం మాస్టార్లం, జీతం మాత్రం ఒక్కటే' అని. అమ్మ పోయిన మరుసటి ఏడు, తద్దినానికి ఇంటినిండా చుట్టాలున్నారు. అందరూ మూగవాళ్లలా కూర్చున్నారు. కాస్త తేలికపడతారని లేచి చేశాను. దగ్గాను, నడిచాను. ఒక్కరూ నవ్వలేదు. నాన్న తలెత్తి, 'నన్ను వెక్కిరించడానికేనా నువ్వు మిగిలింది?' అన్నాడు."

యజమాని నేల చూపులు చూశాడు.

"వారం తిరక్కుండా వెళ్లిపోయాను. ఇరవై ఏళ్లు. ఆయనా రాయలేదు, నేనూ రాయలేదు. మొండితనం కూడా ఆయన్నే చూసి నేర్చుకున్నాను మరి." నవ్వబోయి ఆగింది. "ఆ మాటకు ఏం వాక్యం రాశాడో చూడాలండీ. వెక్కిరింత అని రాశాడో, ఇంకేమన్నా రాశాడో. చూసుకుని వెళ్లిపోతాను."

ప్రూఫమ్మ లేచి సొరుగు లాగింది. చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిచింది కూడా. మళ్లీ మూసుకుని కార్డు ఇచ్చింది.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. ఎర్ర చుక్క మీద వేలు పెట్టి, "ఇది నాన్న గుర్తే కదా? బడి పేపర్ల మీద కూడా ఇలాగే పెట్టేవాడు," అంది.

"ఆయనదేనమ్మా," అన్నాడు యజమాని, ఏమీ తెలియక.

"తెలుసన్నమాట," అంది ఆమె, కార్డుతోనే మాట్లాడుతున్నట్టు. "నాన్నకు తెలుసన్నమాట."

కార్డు తనకు కావాలంది. రేపు మధ్యాహ్నానికి ఐ అక్షరం కంపోజు అయిపోతుంది, తర్వాత మీరే పట్టుకెళ్లండి, అన్నాడు యజమాని. ఆమె మెట్లు దిగుతుంటే కిందినుంచి సన్నగా కూనిరాగం వినపడింది.

ప్రూఫమ్మ సాయంత్రం ఇంటికి వెళ్లింది. పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టడం మరిచిపోయి, ఉత్త మంట వైపు చూస్తూ నిలబడింది.

ఆవిడకూ ఒక వాక్యం ఉండేది. అక్క ఆసుపత్రిలో పోయినప్పుడు, వేడినీళ్లు తేవడానికి తను కింది అంతస్తుకు వెళ్లింది. ఫ్లాస్కు నింపుకుని పైకి వచ్చేలోపు అయిపోయింది. నర్సమ్మ భుజం మీద చేయి వేసి, "మీ అక్క నీ పేరే పిలిచిందమ్మా, చెల్లి ఏదీ అని అడిగింది," అంది. మూడేళ్లు ఆ మాట పట్టుకునే బతికింది. బస్సులో, బల్ల దగ్గర, ఒంట్లో బాగాలేనప్పుడు, చెల్లి ఏదీ అన్న అక్క గొంతు వినిపించుకునేది. ఒకనాడు అదే నర్సమ్మ దారిలో ఎదురైతే రెండు చేతులూ పట్టుకుంది. నర్సమ్మ గుర్తుపట్టలేదు. గుర్తుచేస్తే, "ఆ, అలా అందరికీ చెప్తామమ్మా, కాస్త ఊరటగా ఉంటుందని," అని తన దారిన తను పోయింది. ఆ రోజు అక్క రెండోసారి పోయింది. ఈసారి గొంతు కూడా వెంట తీసుకుపోయింది. ఇప్పుడు ఎంత చెవి రిక్కించినా ఏమీ వినపడదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి యజమానికి సంగతంతా చెప్పింది.

ఆయన తల పట్టుకున్నాడు. "ఇప్పుడెందుకండీ తవ్వడం? ఆవిడ మనసు కుదుటపడింది. నోరు కుట్టేసుకోండి, పుణ్యముంటుంది."

"చూడనిది రాశాను బాబూ."

"మంకీ అని రాసినప్పుడు కోతిని పెంచారా?"

"కోతి కూతురు వచ్చి కార్డు అడగలేదు కదా."

యజమానికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "ఆవిడ ఏడిస్తే నేను చూడలేను. నాకు కింద పని ఉంది," అని కిందికి వెళ్లిపోయాడు.

మాస్టారి కూతురు చెప్పిన వేళకే వచ్చింది. కార్డు దాచుకోవడానికి గట్టి అట్టతో ఒక కవరు కూడా తెచ్చుకుంది. ప్రూఫమ్మ ఆ కవరు చూసింది. బల్ల అంచు పట్టుకుని, ఒక్క గుక్కలో చెప్పేసింది. "అమ్మా, పైనున్న మాట, అర్థం మీ నాన్న రాశారు. వాక్యం నేను రాశాను. చుక్క కూడా నేనే పెట్టాను. మోసం చేద్దామని కాదు. ఆయన రాతే నా రాత, చేయి పొరపాటు పడింది. నిన్న చెప్పాల్సింది. భయమేసింది."

కవరు విప్పుతున్న ఆమె చేయి ఆగింది.

"మీరెవరండీ," అంది ఆమె, గొంతు పెంచకుండా. "మా నాన్న నోటితో మాట్లాడటానికి మీరెవరు?"

"ఎవరినీ కాదు."

"రాత్రంతా ఆయనతో మాట్లాడాను నేను. తెలుసా మీకు? ఇరవై ఏళ్ల మాటలు. అవన్నీ మీతో మాట్లాడినట్టా?"

ప్రూఫమ్మ తలవంచుకుంది.

"అయితే అక్కడ ఏముండేది? మీరు రాయకముందు?"

"ఖాళీ అమ్మా. 'తర్వాత' అని పెన్సిలుతో ఉంటే నేనే తుడిచాను."

"ఖాళీ," అందామె. "అదే నిజం. అదే ఆయన." కవరు మూసింది.

అలా మూస్తుంటే ప్రూఫమ్మకు సిరా పాకిన సంగతి గుర్తొచ్చింది. బల్ల మీది కార్డు అందుకుని కిటికీ దగ్గరకు వెళ్లి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. "ఇలా రామ్మా. ఇది చూడు."

వాక్యం ఉన్న చోట కార్డు పల్చబడిపోయి ఉంది. మిగతాదంతా గట్టిగా, మందంగా ఉంది. అక్కడ మాత్రం నూగు లేచి, బాగా నలిగిన గుడ్డలా, వెలుతురు అవతలినుంచి ఇవతలికి కనిపిస్తోంది. ప్రూఫమ్మ సొరుగులోంచి ఇంకో పది, ఇరవై కార్డులు తీసి ఒక్కొక్కటే వెలుతురుకు పట్టింది. ఏదీ అలా లేదు.

"మీ నాన్న రబ్బరు వాడరమ్మా. తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన మళ్లీ రాస్తారు. తప్పు కనపడాలి అనేవారు. పదకొండేళ్లలో ఆయన చెరిపింది నేను చూడలేదు. నేను తుడిచింది పక్కనున్న ఒక్క మాట. ఇది ఒకసారి తుడిస్తే అయ్యేది కాదు. రాసి చెరిపారు, మళ్లీ రాసి చెరిపారు. ఎన్నిసార్లో."

ఆమె కళ్లజోడు తీసి, కార్డును ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. చెరిపిన చోట బొటనవేలితో మెల్లగా నిమిరింది. "ఏం రాసుంటాడు?"

ప్రూఫమ్మకు ఆ క్షణాన ఒకటి కాదు, పది వాక్యాలు తోచాయి. అన్నీ మాస్టారి మాటల్లోనే, ఆయన చెప్పినట్టే. నాలుక చివరిదాకా వచ్చిన దాన్ని మింగేసింది. "తెలియదమ్మా."

మింగిన మాట గొంతులో అడ్డం పడింది కాబోలు, ఆవిడ దగ్గింది. రెండుసార్లు పొడిగా, ఒకసారి సాగదీసి.

మాస్టారి కూతురు చప్పున తల తిప్పింది. "ఎవరది?"

"నేనే. నెలరోజులుగా ఇంతే. ఆపుకోలేకపోతున్నాను. క్షమించమ్మా."

ఆమె కార్డు బల్ల మీద పెట్టింది. తర్వాత, పాఠం తప్పు చదివిన పిల్లను సరిదిద్దినట్టు, "అలా కాదు," అంది. "రెండోది అంత పొడిగా ఉండదు. మధ్యలో చిన్న ఆపు ఉంటుంది. ఎవరన్నా వింటున్నారా లేదా అని చూసుకుంటాడు."

"చేసి చూపించమ్మా," అంది ప్రూఫమ్మ. అడగకూడదేమో. అడిగేసింది.

ఆమె గొడుగు బల్ల మీద పెట్టింది. కళ్లజోడు పెట్టుకుని, భుజాలు కొంచెం ముందుకు వంచింది. దగ్గింది. కార్డుల బీరువాల మధ్య సందులో, కుడికాలు కాస్త ఆలస్యంగా వేస్తూ నడిచింది. చివరిదాకా వెళ్లి, వేలితో బీరువా మీద దుమ్ము తీసి చూసుకుని, దానికి ఎవరు జవాబుదారీ అన్నట్టు కనుబొమ ఎత్తింది. తిరిగి వచ్చి, కుర్చీ వెనక రెండుసార్లు తట్టి, కూర్చుంది. మాస్టారు ఐదు నెలల తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నారు.

ప్రూఫమ్మ ఆ కుర్చీకి ఎదురుగా నిలబడిపోయింది. కుర్చీలో ఉన్న మనిషి కూడా కదల్లేదు. తను పిలిచిన మనిషి తన ఒంట్లోకి వచ్చేసరికి భయపడినట్టు, చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇద్దరూ నవ్వలేదు. కిందినుంచి యజమాని, "మాస్టారూ, టీ పైకి పంపమంటారా?" అని అలవాటుగా కేకేసి, అంతలోనే చప్పున ఆగిపోవడం వినపడింది.

అప్పుడు ఆమె ఏడ్చింది. తన గొంతుతోనే ఏడ్చింది.

కాసేపయ్యాక ప్రూఫమ్మ ఆ పాత కార్డు మీద తను రాసిన వాక్యానికి అడ్డంగా ఒక గీత కొట్టింది, తప్పు కనపడేలా. ఎర్ర చుక్క పక్కన తన కొక్కెం వేసి, కార్డు ఆమె చేతిలో పెట్టింది. ఆమె దాన్ని కవరులో జాగ్రత్తగా దోపుకుంది. చెరిపిన వైపు లోపలికి ఉండేలా తిప్పి పెట్టింది.

అచ్చు పడేలోపు ఆ వాక్యం మార్చడానికి కొత్త కార్డు కావాలి. ప్రూఫమ్మ ఒకటి తీసి, మాట రాసి, మాస్టారు రాసిన అర్థమే దించి, వాక్యం దగ్గర ఆగింది. ఇప్పుడు చూసింది ఉంది. రాసింది: 'ఆమె తన తండ్రిని అనుకరించింది; మేమందరం ఆయన వచ్చారనుకున్నాం.' చేయి ఎర్ర కలం వైపు వెళ్లింది. వెనక్కి లాక్కుని, నల్ల కలంతో మూలన కొక్కెం వేసింది.

"చదవనా?" అంది మాస్టారి కూతురు. చదివి, "ఇష్టమో వెక్కిరింతో ఇందులో తెలియడం లేదు కదండీ," అంది.

"తెలియదమ్మా. ఉన్నదంతే."

ఆమె తలాడించింది. ఉత్తరాలు రాస్తానని గానీ, మళ్లీ వస్తానని గానీ చెప్పలేదు. మెట్ల మలుపు దగ్గర ఆమె గొడుగు గోడకు తగిలిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత వీధి తలుపు. ఆ చప్పుడు కోసం ప్రూఫమ్మ చెవి పెట్టుకుని ఉంది. స్పష్టంగా వింది.

ఆ రోజు నుంచి ఆ దగ్గు మళ్లీ రాలేదు. నిఘంటువు ఎమ్ దాటింది, ఎన్ దాటింది. కార్డు ముందుకు లాక్కున్న ప్రతిసారీ ప్రూఫమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. గొంతులో ఏమీ ఉండదు. కాస్త వేచి చూసి, ఇక రాయడం మొదలుపెడుతుంది.